మార్చిన అణువుకు పాత భరోసా చాలదు: మొక్కల యాంటీఆక్సిడెంట్ల భద్రతపై బహిరంగ లేఖ

ఆహార, ఔషధ నియంత్రణ సంస్థల అధికారులకు; మొక్కల నుంచి తీసిన యాంటీఆక్సిడెంట్లను మార్చి, మెరుగుపరుస్తున్న పరిశోధకులకు; వాటిని తయారుచేసి అమ్ముతున్న సంస్థల బాధ్యులకు,

నమస్కారం.

నేను ఆసుపత్రిలో మందుల సమాచార విభాగంలో పనిచేసే ఫార్మసిస్టును. శోషణ పెంచిన, అంటే పేగు నుంచి ఒంట్లోకి ఎక్కువగా చేరేలా చేసిన కర్క్యుమిన్ (పసుపులోని ముఖ్య పదార్థం), గాఢమైన గ్రీన్ టీ సారం, క్వెర్సెటిన్ (ఉల్లిపాయల్లో ఉండేది), రెస్వెరట్రాల్ (ద్రాక్షలో ఉండేది) వంటి ఉత్పత్తుల గురించి రోగులూ వైద్యులూ అడిగే ప్రశ్నలకు జవాబులు వెతికి చెప్పడం నా పనిలో భాగం. సీసా మీద అచ్చయిన సమాచారంతో వాటిలో చాలా ప్రశ్నలకు జవాబు చెప్పలేకపోతున్నామని నేనూ నా సహోద్యోగులూ సంబంధిత నియంత్రణ విభాగానికి, కొందరు తయారీదారులకు విడివిడిగా రాశాం. విభాగం నుంచి లేఖ అందినట్టు రసీదు వచ్చింది. తయారీదారుల్లో ఒకరు తమ ప్రచార పత్రాన్నే జవాబుగా పంపారు. ఆ తరువాత ఎవరూ పలకలేదు. అందుకే ఈ విషయాన్ని ఇప్పుడు అందరి ముందూ పెడుతున్నాను.

మీ పరిశోధనను ఆపమని నేను అడగడం లేదు. ఈ యాంటీఆక్సిడెంట్లు చేరే పాలీఫినాల్స్ అనే రసాయన కుటుంబంలో చాలావాటిని ఉన్నవి ఉన్నట్టుగా మందుగా వాడటం ఎంత కష్టమో నాకు తెలుసు. కర్క్యుమిన్ నీటిలో దాదాపు కరగదు. ఆమ్లగుణం లేని తటస్థ ద్రావణంలో కొన్ని నిమిషాల్లోనే విచ్ఛిన్నమవుతుంది. పేగు నుంచి లోపలికి వెళ్లిన కొద్దిపాటిని కూడా పేగు గోడ, కాలేయం గ్లూకురోనైడ్, సల్ఫేట్ రూపాల్లోకి మార్చి బయటికి పంపేస్తాయి. రెస్వెరట్రాల్ బాగానే లోపలికి వెళుతుంది కానీ, రక్తంలో మార్పు చెందకుండా మిగిలేది అత్యల్పం. ఈ ఇబ్బందిని తెలివిగా దాటిన సందర్భాలు ఉన్నాయి. మిల్క్ థిసిల్ గింజల్లోని సిలిబిన్‌ను సక్సినిక్ ఆమ్లంతో కలిపి హెమిసక్సినేట్‌గా మార్చడం వల్లే అది నీటిలో కరిగి, సిరలోకి ఎక్కించగల మందు అయింది. అమనిటా ఫాల్లాయిడిస్ అనే ప్రాణాంతక పుట్టగొడుగు తిన్నవారి కాలేయాన్ని కాపాడేందుకు ఐరోపాలో వైద్యులు దాన్ని వాడుతున్నారు. రూటిన్ అనే మొక్కల పదార్థం నుంచి ఒక ఎంజైముతో రామ్నోజ్ అనే చక్కెరను తొలగించి, మరో ఎంజైముతో గ్లూకోజ్ శకలాలను తగిలించి తయారుచేసే మార్పిడి ఐసోక్వెర్సిట్రిన్ నీటిలో చక్కగా కరుగుతుంది, మెరుగ్గా శోషణ చెందుతుంది. దాని విషయంలో జంతువులపై విషలక్షణ అధ్యయనాలు, జన్యుపదార్థానికి హాని జరుగుతుందేమో చూసే పరీక్షలు ప్రత్యేకంగా జరిగాయి. మార్చినదాన్ని మార్చినదిగానే పరీక్షించారు. మిగిలినవారినీ నేను అడుగుతున్నది అంతే.

పేగూ కాలేయమూ కలిసి ఈ పదార్థాలకు ఒక అడ్డుగోడగా నిలబడతాయి. తిన్నదానిలో అధికభాగం ఆ గోడ దగ్గరే ఆగిపోయింది కాబట్టే, ఈ మొక్కలను తరతరాలుగా పెద్ద ప్రమాదం లేకుండా మనుషులు తినగలిగారు. ఆ గోడను దాటించడమే ఇప్పుడు మీ లక్ష్యం. దాటించిన తరువాత, గోడ ఉన్న రోజుల నాటి భద్రతా చరిత్రను కొత్త ఉత్పత్తికి పూచీగా చూపడం న్యాయం కాదు. శోషణను పెంచడమంటే శరీరానికి అందే మోతాదును పెంచడమే. ఈ మాటకు ఆధారమైన వాస్తవాలను మీ ముందు ఉంచుతున్నాను.

1. కర్క్యుమిన్. 1998లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆరోగ్యవంతులకు 2 గ్రాముల కర్క్యుమిన్‌తో పాటు 20 మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియాలలోని ఘాటు పదార్థం, ఇచ్చినప్పుడు కర్క్యుమిన్ జీవలభ్యత, అంటే రక్తంలోకి చేరే భాగం, సుమారు 20 రెట్లు పెరిగింది. నేటికీ ఎన్నో సీసాల మీద కనిపించే అంకెకు మూలం ఇదే. పైపరిన్ ఈ పని ఎలా చేస్తుందో మాత్రం ఆ సీసాలు చెప్పవు. కాలేయం, పేగు ఏ ఎంజైములతో పరాయి పదార్థాలను వదిలించుకుంటాయో వాటినే అది అడ్డుకుంటుంది. గ్లూకురోనైడ్ రూపంలోకి మార్చే ప్రక్రియను, ఎన్నో మందులను విచ్ఛిన్నం చేసే సైటోక్రోమ్ 3ఏ4 ఎంజైమును, మందులను తిరిగి పేగులోకి నెట్టే పి-గ్లైకోప్రొటీన్‌ను అది నిరోధిస్తుందని తెలిసిన విషయమే. కర్క్యుమిన్‌కు తెరిచిన దారిలో ఇతర మందులూ వెళతాయి. ఫెనిటోయిన్, ప్రొప్రనొలాల్, థియోఫిలిన్ మందుల స్థాయులు పైపరిన్ వల్ల రక్తంలో పెరిగినట్టు మనుషులపై జరిగిన చిన్న అధ్యయనాలు ఏనాడో చూపాయి. మోతాదు కొంచెం అటూ ఇటూ అయినా ప్రమాదకరమయ్యే మందులు వీటిలో ఉన్నాయని ఫార్మసిస్టులకు వేరే చెప్పనక్కరలేదు.

ఆహార సంకలితాలపై ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం కర్క్యుమిన్‌కు నిర్ణయించిన రోజువారీ పరిమితి శరీర బరువు కిలోకు 3 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి అది 180 మిల్లీగ్రాములు అవుతుంది. ఈ పరిమితి మామూలు కర్క్యుమిన్‌ను దృష్టిలో పెట్టుకుని వేసినది. ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వుతో జతకట్టిన, నానో కణాలుగా నలిపిన, సైక్లోడెక్స్‌ట్రిన్ అనే చక్కెర వలయంలో పొదిగిన కర్క్యుమిన్‌కు అదే అంకె ఎలా వర్తిస్తుంది? 2022లో ఫ్రాన్స్ ఆహార భద్రతా సంస్థ ఈ ప్రశ్ననే లేవనెత్తి, జీవలభ్యత పెంచిన రూపాల విషయంలో హెచ్చరిక జారీ చేసింది. ఇటలీలో 2019లో కాలేయవాపు కేసులు వరుసగా బయటపడ్డాయి. ఆ తరువాత అక్కడి ఆరోగ్య శాఖ లేబుళ్ల మీద హెచ్చరికను తప్పనిసరి చేసింది. 2023లో ఆస్ట్రేలియా ఔషధ నియంత్రణ సంస్థ తనకు అందిన 18 కాలేయ సమస్యల నివేదికలను ప్రస్తావిస్తూ, శోషణ పెంచిన రూపాలతోనూ ఎక్కువ మోతాదులతోనూ ప్రమాదం ఎక్కువ కావచ్చని చెప్పింది. అమెరికాలో మందుల వల్ల కలిగే కాలేయ హానిని పరిశీలించే పరిశోధన బృందం పసుపు ఉత్పత్తులతో ముడిపడిన 10 కేసులను వివరించింది. వారిలో ఐదుగురు ఆసుపత్రిలో చేరారు, ఒకరు మరణించారు. హెచ్‌ఎల్‌ఏ-బి*35:01 అనే జన్యురూపం వారిలో అధికశాతం మందికి ఉన్నట్టు తేలింది. తనకు ఆ జన్యురూపం ఉందో లేదో సీసా కొనే మనిషికి తెలియదు, తెలుసుకునే అవసరం ఉందనీ తెలియదు.

2. గ్రీన్ టీ సారం. తాగే టీలోని కాటెచిన్లు అనే యాంటీఆక్సిడెంట్లకూ, అదే ఆకు నుంచి గాఢంగా తీసి పరగడుపున మింగే సారానికీ మధ్య దూరం చాలా ఉంది. 2003లో ఒక గాఢ సారపు ఉత్పత్తిని కాలేయ హాని కారణంగా ఫ్రాన్స్, స్పెయిన్ మార్కెట్ నుంచి తొలగించాయి. 2018లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ, ఎపిగాల్లోకాటెచిన్ గాలేట్ అనే ముఖ్య కాటెచిన్ రోజుకు 800 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి సప్లిమెంటుగా తీసుకున్నవారిలో కాలేయ ఎంజైములు పెరిగాయని నిర్ధారించింది. దాన్ని అనుసరించి ఐరోపా సమాఖ్య 2022లో రోజుకు 800 మిల్లీగ్రాముల లోపు ఉండాలని పరిమితి పెట్టి, పరగడుపున తీసుకోవద్దని లేబుల్ మీద రాయించింది. హానికి, తొలి చర్యకు, పరిమితికి మధ్య గడిచిన కాలాన్ని మీరే లెక్కవేయండి. ఇప్పుడు అదే కాటెచిన్‌ను ఎసిటైల్ సమూహాలతో కప్పి, కొవ్వు ఆమ్లాల ఎస్టర్లుగా మార్చి, కణాల్లోకి ఇంకా సులువుగా వెళ్లేలా తయారుచేస్తున్నారు. 800 మిల్లీగ్రాముల హద్దు ఈ కొత్త రూపాలకు ఎంత అవుతుందో ముందే తేల్చాలి.

3. విటమిన్ ఇ ఎసిటేట్. మొక్కల నూనెల్లోని టోకోఫెరాల్ (విటమిన్ ఇ) గాలి తగిలితే ఆక్సీకరణ చెందుతుంది. దాని అణువులో ఆక్సీకరణకు గురయ్యే భాగమైన ఫినాలిక్ హైడ్రాక్సిల్‌ను ఎసిటైల్ సమూహంతో మూసివేస్తే నిలకడ వస్తుంది. మింగినప్పుడు పేగులోని ఎంజైములు ఆ మూతను తీసేస్తాయి. మాత్రలకు, చర్మ లేపనాలకు పనికొచ్చిన చక్కని మార్పు ఇది. అదే పదార్థాన్ని కొందరు వేపింగ్ (ఈ-సిగరెట్) ద్రవాలను చిక్కబరచడానికి కలిపినప్పుడు, అమెరికాలో 2019లో ఊపిరితిత్తుల తీవ్ర వ్యాధి చెలరేగింది. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రి పాలవడమో మరణించడమో జరిగింది. ధ్రువపడిన మరణాలు 68. పరీక్షించిన 51 మంది రోగుల్లో 48 మంది ఊపిరితిత్తుల ద్రవంలో విటమిన్ ఇ ఎసిటేట్ దొరికింది, పోలికకు తీసుకున్న ఆరోగ్యవంతుల్లో ఎవరిలోనూ దొరకలేదు. మింగితే సురక్షితం అన్న మాట పీల్చినప్పుడు ఏమీ కాపాడలేదు. ఒక దారికి ఇచ్చిన భరోసాను మరో దారికి అరువు తెచ్చుకోకూడదని చెప్పడానికి ఇంతకంటే బాధాకరమైన ఆధారం నాకు కనిపించడం లేదు.

4. రెస్వెరట్రాల్. దీని మూడు హైడ్రాక్సిల్ సమూహాల్లో రెండింటిని మిథైల్‌తో కప్పితే వచ్చే టెరోస్టిల్బీన్ రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది. కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నవారిపై జరిగిన ఒక నియంత్రిత పరీక్షలో అది రక్తపోటును కొంత తగ్గించింది కానీ, ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్‌ను పెంచింది. సన్నని కణాలుగా మార్చిన రెస్వెరట్రాల్‌ను రోజుకు 5 గ్రాముల చొప్పున మైలోమా (ఎముక మజ్జలో పుట్టే క్యాన్సర్) రోగులకు ఇచ్చిన పరీక్షను, కొందరిలో మూత్రపిండాలు విఫలమవడంతో అర్ధాంతరంగా ఆపవలసి వచ్చింది.

5. మనుషులపై పరీక్షించకుండా మేలును ఊహించుకోవడం. బీటా కెరోటిన్ క్యాన్సర్‌ను అడ్డుకుంటుందని ఒకప్పుడు గట్టిగా నమ్మారు. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే పురుషులపై జరిగి 1994లో వెలువడిన పరీక్షలో, రోజుకు 20 మిల్లీగ్రాములు తీసుకున్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. అమెరికాలో మరో పెద్ద పరీక్షను 1996లో గడువు కంటే ముందే నిలిపివేశారు; బీటా కెరోటిన్, విటమిన్ ఏ కలిపి తీసుకున్నవారిలో ఆ క్యాన్సర్ 28 శాతం ఎక్కువైంది. ఇవి జాగ్రత్తగా జరిపిన పరీక్షలు కాబట్టే హాని బయటపడింది. అటువంటి పరీక్షే లేని ఉత్పత్తి వల్ల అంతే హాని జరిగితే అది ఎవరి లెక్కలోకీ రాదు.

రసాయనంగా ఇందులో వింతేమీ లేదు. ఫినాల్ ఒక చోట హైడ్రోజన్‌ను ఇచ్చి కణాలను దెబ్బతీసే స్వేచ్ఛా రాడికల్‌ను శాంతింపజేస్తుంది. ఇనుము, రాగి ఉన్న చోట, గాఢత పెరిగిన చోట, అదే ఫినాల్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తుంది, తాను క్వినోన్‌గా మారి కణాన్ని కాపాడే గ్లూటాథయోన్‌ను ఖాళీ చేస్తుంది. గాఢతను పెంచే ప్రతి మార్పూ ఈ రెండు ముఖాల్లో దేన్ని ముందుకు తెస్తుందో కొలిచి చూడాలి.

ఇక సామాన్యుల మీద పడే భారం గురించి. మా విభాగానికి వచ్చే ఒక సీసానే తీసుకుంటాను. ముందువైపు పెద్ద అక్షరాలతో "పూర్తిగా సహజం", దాని కింద "అనేక రెట్లు ఎక్కువ శోషణ". వెనకవైపు సన్నని అక్షరాల్లో సారం 500 మిల్లీగ్రాములు అని ఉంటుంది. అందులో అసలు పదార్థం ఎంత, ఎన్ని రెట్లు అన్నది దేనితో పోల్చి చెప్పారు, శోషణ పెంచడానికి ఏది ఎంత కలిపారు అన్నవి ఉండవు. అసలు పదార్థం రక్తంలో దాదాపు కనిపించనే కనిపించనప్పుడు, దానికి 20 రెట్లు అన్నా 40 రెట్లు అన్నా అది ఎంతో ఎవరికీ తెలియదు. పైగా చాలా అధ్యయనాల్లో రక్తపు నమూనాను ముందుగా గ్లూకురోనిడేజ్ ఎంజైముతో కలిపి, శరీరం వదిలించుకోవడానికి సిద్ధం చేసిన రూపాలను మళ్లీ కర్క్యుమిన్‌గా విడదీసి, ఆ మొత్తాన్ని కొలుస్తారు. ఆ అంకె ప్రచారానికి ఘనంగా ఉంటుంది. కణాలకు చేరిన స్వేచ్ఛా కర్క్యుమిన్ ఎంతో అది చెప్పదు.

కామెర్లతో వచ్చిన ఒక పెద్దావిడను వైద్యులు ఏయే మందులు వాడుతున్నారని అడిగితే, రక్తపోటు మాత్ర దగ్గర నుంచి కంటి చుక్కల వరకు అన్నీ చెప్పారు. మోకాళ్ల నొప్పికి కొన్ని నెలలుగా మింగుతున్న క్యాప్సూల్ సంగతి మాత్రం చెప్పలేదు. కూతురు గుర్తుచేస్తే, "అది మందు కాదు కదమ్మా, పసుపే కదా" అన్నారు. ఆవిడది అమాయకత్వం అని నేను అనను. సీసా మీద ఉన్నదే ఆవిడ నమ్మారు. ఆ క్యాప్సూల్‌లో ఏముందో తెలుసుకుందామని తయారీదారును సంప్రదిస్తే, సూత్రీకరణ వ్యాపార రహస్యమని చెప్పారు. క్యాప్సూల్ మానేశాక ఆవిడ కోలుకున్నారు. కారణం అదేనని తేల్చి చెప్పడానికి అవసరమైన సమాచారం మాత్రం వైద్యులకు అందలేదు. ప్రతికూల ప్రభావాల నివేదికలో ఆ క్యాప్సూల్ చివరికి "పసుపు" అన్న ఒక్క పదంగా నమోదైంది. ఏ రూపం, ఏ వాహకం (పదార్థాన్ని మోసుకెళ్లే పూత లేదా కణం), ఏ బ్యాచ్ అన్నవేవీ అందులోకి ఎక్కలేదు. ఇలా నమోదైతే రేపు వంద నివేదికలు వచ్చినా, ప్రమాదం పసుపుదా, మార్పుదా అన్నది ఎన్నటికీ తేలదు. నిజాయితీగా పరీక్షలు చేసిన తయారీదారుకూ దీనివల్ల అన్యాయమే జరుగుతుంది.

కాబట్టి ఈ కింది చర్యలు తీసుకోవాలని గౌరవపూర్వకంగా, గట్టిగా కోరుతున్నాను.

1. అణువుకు ఏదైనా సమూహాన్ని జోడించినా, ఫాస్ఫోలిపిడ్, సైక్లోడెక్స్‌ట్రిన్, నానో కణం, లైపోజోమ్ వంటి వాహకంలో పెట్టినా, శరీరపు ఎంజైములను అడ్డుకునే పదార్థాన్ని కలిపినా, దానివల్ల రక్తంలో అసలు పదార్థపు స్థాయి గణనీయంగా పెరిగితే, దాన్ని కొత్త పదార్థంగానే పరిగణించాలి. మూల మొక్కను ఎంతకాలంగా తింటున్నారన్నది అనుమతికి ఏకైక ఆధారం కాకూడదు. మామూలు రూపంతో పోల్చి మనుషుల్లో జరిపిన శోషణ అధ్యయనం, పదేపదే ఇచ్చిన మోతాదులతో విషలక్షణ అధ్యయనం, విడిగా వాహకంపై పరీక్ష, విచ్ఛిన్నమైనప్పుడు ఏర్పడే పదార్థాలపై పరీక్ష అనుమతికి ముందే జరగాలి. వాడే దారి మారితే, అంటే మింగేదాన్ని పీల్చడానికో సిరలోకి ఎక్కించడానికో వాడదలిస్తే, పరీక్షలు మళ్లీ మొదటి నుంచి జరగాలి.

2. లేబుల్ మీద అసలు పదార్థపు పరిమాణం, శోషణ పెంచే పదార్థం పేరు, పరిమాణం, మామూలు రూపంతో పోల్చితే అది ఎంత మోతాదుకు సమానమో స్పష్టంగా రాయాలి. కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులోకి మారడం, విడవని దురద, అకారణ నీరసం కనిపిస్తే వెంటనే ఆపి వైద్యుణ్ని కలవాలన్న హెచ్చరిక ఉండాలి. మూర్ఛ మందులు, రక్తం గడ్డకట్టకుండా వాడే మందులు తీసుకునేవారికి ప్రత్యేక హెచ్చరిక ఉండాలి.

3. "ఎన్ని రెట్లు" అన్న ప్రచారానికి అనుమతి ఇచ్చే ముందు, స్వేచ్ఛా రూపాన్నీ, శరీరం మార్చిన రూపాలనూ విడివిడిగా కొలిచిన అంకెలు చూపమనాలి. పరీక్షనాళికలో తేలిన యాంటీఆక్సిడెంట్ శక్తిని ఆరోగ్య ప్రయోజనంగా ప్రకటించడాన్ని నిషేధించాలి. ఆహారాల ఓరాక్ విలువలు, అంటే పరీక్షనాళికలో కొలిచిన యాంటీఆక్సిడెంట్ శక్తి అంకెలు, మనిషి శరీరంలో జరిగేదానికి సూచిక కావని అమెరికా వ్యవసాయ శాఖ 2012లోనే తన పట్టికను తొలగించింది. అటువంటి అంకెలు ప్రచారంలో నేటికీ కొనసాగడం సరికాదు.

4. మనుషులపై జరిపే ప్రతి పరీక్షనూ ముందుగా నమోదు చేయాలి. కాలేయ ఎంజైములను మొదట్లోనూ మధ్యమధ్యనా కొలవాలి. మధ్యలో మానేసినవారు ఎందుకు మానేశారో రాయాలి. ఫలితం అనుకూలంగా లేకపోయినా ప్రచురించాలి.

5. ప్రతికూల ప్రభావాల నమోదు పత్రంలో మొక్క పేరుతో పాటు రూపం, వాహకం, శోషణ పెంచే పదార్థం, బ్యాచ్ సంఖ్యలకు తప్పనిసరి గడులు ఉండాలి. చికిత్స చేస్తున్న వైద్యుడు అడిగినప్పుడు పూర్తి సూత్రీకరణను గోప్యంగానైనా వెంటనే అందించాలి. ప్రాణం మీదికి వచ్చిన వేళ వ్యాపార రహస్యం అన్న జవాబును ఏ నియంత్రణ సంస్థా అంగీకరించకూడదు.

6. పరిశోధకులకు ప్రత్యేకంగా ఒక మనవి. మీరు తయారుచేసిన ఉత్పన్నం (మార్చిన అణువు) క్యాన్సర్ కణాలను చంపిందని రాసే వ్యాసంలోనే, అదే గాఢతలో ఆరోగ్యకరమైన కాలేయ కణాలకు ఏమైందో కూడా రాయండి. అది లేని వ్యాసాన్ని సమీక్షకులుగా మీరే వెనక్కి పంపండి. హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిందా లేదా అన్నది కొలవడం మీ ప్రయోగశాలలో కష్టమైన పనేమీ కాదు.

ఇప్పటికే మార్కెట్లో ఉన్న ఉత్పత్తుల విషయంలో రెండో, ఐదో అంశాలను అమలు చేయడానికి కొత్త పరిశోధన ఏదీ అక్కరలేదు. వాటిని ఏ తేదీ నుంచి అమలు చేస్తారో, చేయలేమనుకుంటే ఏ కారణం చేతనో, రాతపూర్వకంగా, ప్రజలందరూ చదవగలిగేలా జవాబు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. మా విభాగంలో నమోదైన ప్రశ్నలను, రోగుల వివరాలు తొలగించి, మీకు అందజేయడానికి సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక ఆసుపత్రి మందుల సమాచార విభాగపు ఫార్మసిస్టు